జర వేడి చేసింది

కరీంనగర్‌లో స్కానింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చుని, చెప్పినట్టే సీసాడు నీళ్లు తాగుతున్నాను. పక్కనున్న ముసలాయన వరుస కదలడం లేదని విసిగి కౌంటర్ అమ్మాయితో అంటున్నాడు. "ఏం లేదు బిడ్డా, మూత్రం ఎర్రగ వస్తుంది, జర వేడి చేసింది. బార్లీ తాగితె పోతది. నేను పోతున్న." సీసా పక్కన పెట్టాను. అచ్చం మా పెద్దబాపు మాట.

పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న. పేరు రాజేశం. పెళ్లి చేసుకోలేదు. కన్న అవ్వ, బాపు పోయాక నన్ను సాకింది ఆయనే. మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు. సెలవుల్లో ఆయన సాంచల దగ్గర తెగిన పోగులు అతికేదాన్ని. ఒకసారి నేను చూడక జానెడు బట్ట గీతపడింది. ఆయన సాంచ ఆపాడు. "పోగు తెగుడు సాంచ తప్పు. చూడకుంట నడిపినవ్ చూడు, గది నీ తప్పు" అని ఆ జానెడూ నాతోనే విప్పించాడు. ఉడుక్కుని ఆ పూట అన్నం మానేశాను. ఆయనా తినలేదని మరునాడు తెలిసింది.

అంత చూపున్న మనిషి తన ఒంటిని చూసుకోలేదు. ఓ ఎండాకాలం చెంబులకొద్దీ బార్లీ నీళ్లు తాగుతుంటే అడిగాను. "వేడి చేసింది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. నమ్మాను. అలా నమ్మినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే, డాక్టరమ్మ ఆయనకు కిడ్నీ క్యాన్సర్ అని చెప్పి, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. పెద్దబాపు నేల చూస్తూ అన్నాడు. "మా తమ్మునికి సుత ఎర్రగనే వచ్చింది మేడం. వేడి అనుకున్నం." మా బాపు ఎలా పోయాడో నాకు తెలిసింది అప్పుడే.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట దెబ్బతింటుందట. దాన్ని బాగుచేసే జన్యువులు ఉంటాయట. వాటిలో ఒకదాంట్లో ఈయనకు తేడా ఉంది. తేడా ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదు, ముప్పు మాత్రం ఎక్కువ.

"అంటె తెగింది సరిగ అతుకుతలేదు" అన్నాడు పెద్దబాపు. తర్వాత నా వైపు చూశాడు. ఆయన భయపడగా చూడటం అదే మొదటిసారి. "నాదేమున్నది. గీ పిల్లకు చూడుండ్రి."

నాకూ ఆ తేడా ఉంది. ఆ మాట రాసిన కాగితం చేతికొచ్చేసరికి ఆయన లేడు. తాళం తీసి లోపలికి వెళ్లి, ఎవరికో వినిపిస్తున్నట్టు పైకే చదువుకున్నాను. వినేవాళ్లు లేని ఇల్లు ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ఏటా ఇక్కడికి ఒక్కదాన్నే వస్తాను.

ముసలాయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. చేయి పట్టి ఆపాను.

"తాతా, మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లనే వేడి చేసిందా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. "మా అన్నకు" అన్నాడు మెల్లగా.

ముందు పిలిచే నా టోకెన్ ఆయన చేతిలో పెట్టి, ఆయనది నేను తీసుకుని, మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను.