నాయన ముంజేతి రొద

బెంగళూరులో నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే పైపుల పని అనేదాన్ని. దాంతో మా ధర్మవరం చుట్టాలు నేను కొళాయిలు బాగుచేస్తానని ఖాయం చేసుకున్నారు. నిజానికి మేం రబ్బరులాంటి మెత్తటి పలకలో వెంట్రుకంత సన్నని కాలువలు చేసి, నీళ్లు పంపి, చెవికి అందని శబ్దంతో వాటిని కుదిపి చూస్తాం. గోడ గట్టిదైతే నీళ్లు చెప్పినట్టు వింటాయి. మెత్తదైతే నీళ్లు తోసినప్పుడు అది ఉబ్బుతుంది, మళ్లీ తనే నీళ్లను తోస్తుంది. పైనుంచి కాస్త నొక్కినా ప్రవాహం మారిపోతుంది. ఆ గోడలతో వేగలేక నాకు రోజూ విసుగే.

నాయన పట్టుచీరలు నేసేవాడు. మూత్రపిండాలు చెడిపోయాక, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆయన ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. అక్కడ చెవి ఆనిస్తే సన్నగా రొద వినిపించేది. రక్తం వేగంగా పోతుంటే నాళం గోడ అదిరి పుట్టే మోత అది. అది ఆగితే నాళం మూసుకుపోయినట్టేనని, వెంటనే రావాలని డాక్టరు చెప్పారు. ఆ చేతికి గడియారం, బిగుతు చొక్కా వద్దన్నారు. అమ్మ పొద్దున్నే ఆ రొద విన్నాకే పొయ్యి వెలిగించేది.

మా ఇలవేల్పు చౌడమ్మకు చేసే జ్యోతుల పండగ మరుసటి రోజు నేను ఇంటికి పోయాను. అలవాటుగా నాయన చేతికి చెవి పెడితే ఏమీ వినిపించలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి చూస్తే, పూజలో పెట్టిన పట్టుదారం పేటలు పేటలుగా కుట్ల మీదే బిగించి ఉంది. జబ్బు చేసిన చోటే అమ్మవారి దారం కట్టడం మా ఇంట్లో మామూలే. కత్తెర కోసం లేచాను. అమ్మ అడ్డం వచ్చింది.

"గడియారం వద్దన్నారు గాని, అమ్మవారి దారం వద్దని యాడ చెప్పినారు పాపా? ఇందాక రొద విన్నాకే, ఈ చెయ్యి నిలబడాలని కట్టినా."

అరవాలని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాక అరవలేకపోయాను. లోపలి గోడ మెత్తదని, దారం దాన్ని నొక్కేస్తోందని, రక్తానికి దారి లేదని చెప్పాను. అమ్మే దారం విప్పబోయింది. జీవితమంతా తెగిన పోగులు అతికిన ఆ వేళ్లకు ఒక్క ముడి లొంగలేదు. చివరికి పళ్లతో విప్పి, అక్కడే చెవి ఆనించింది.

నాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఉండాదా, పోయిందా? ఎవరన్నా చెప్పండప్పా."

అమ్మ కళ్ల నీళ్లతో నా తల పట్టుకుని ఆయన చేతికి ఆనించింది.

"ఉండాది నాయనా," అన్నాను. "మోగుతాండాది."