సుక్కమ్మ రైలు మీద సున్నం పడనివ్వను

నిన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే ఫోన్. సుక్కమ్మ కూతురు రాజులు.

"మేడమ్మా, అమ్మ ఎల్లిపోనాది" అంది.

"ఎవరి అమ్మ?" అని అడిగాను.

ముప్పై ఏళ్ళు పిల్లలకి ప్రశ్నలు వేసి జీతం తీసుకున్నదాన్ని. ఇంత తెలివితక్కువ ప్రశ్న ఎప్పుడూ వేయలేదు.

కాఫీ పారబోశాను. అప్పటి నుంచీ కోపంగానే ఉన్నాను. ఏడుపు తర్వాత చూసుకుంటాను.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. కురుపాం అవతల కొండమీద ఆశ్రమ పాఠశాలలో నేను హెడ్మిస్ట్రెస్‌ని, సుక్కమ్మ వంటమనిషి. సవరల ఆడపిల్ల. ఎర్రమట్టి పూసిన గోడ మీద, బియ్యప్పిండి కలిపి, నమిలిన పుల్లతో బొమ్మలు వేసేది. తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆడగుంటకెందుకీ పని అన్నవాళ్ళకి, అన్నం కూడా గుంటే వండుతోంది కదా, మానేయండి అందట.

వాళ్ళకి గోడబొమ్మ అలంకారం కాదు. పోయిన పెద్దలు వచ్చి కూర్చునే చోటు. దానంతటది పాతబడాలి గానీ మనిషి చెయ్యి చెరపకూడదు.

నేను చెరిపాను.

తొంభైల్లో మాట. ఇన్‌స్పెక్షన్ అన్నారు. వంటగది శుభ్రంగా కనిపించాలని, సుక్కమ్మ ఊరెళ్ళిన రోజు చూసి గోడంతా సున్నం కొట్టించాను. ఆ ఆఫీసరు జీపు కూడా దిగలేదు.

సుక్కమ్మ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. ఆ అన్నం మింగడం ఎంత కష్టమో నాకు తెలుసు. తర్వాత అదే గోడకి మళ్ళీ మట్టి పూసి బొమ్మ వేసింది. జింకలు, పొద్దు, జీలుగు చెట్టు. మూలన కళ్ళజోడు పెట్టుకున్న లావుపాటి ఆడమనిషి, చేతిలో సున్నం బకెట్టు.

నేను బదిలీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను, గోడ మీద కూడా.

రెండేళ్ళ కిందట సుక్కమ్మకి రొమ్ములో గడ్డ తేలింది. పార్వతీపురంలో రైలెక్కి విశాఖ వెళ్ళడం, కీమో ఎక్కించుకుని రావడం. మూడు వారాలకోసారి, మొత్తం ఆరుసార్లు. నాలుగుసార్లు నేను తోడెళ్ళాను.

మొదటిదానికే జుట్టు పోయింది. దానికి బాధపడలేదు. అన్నానికి బాధపడింది. ముప్పై ఏళ్ళు గంజి వార్చిన మనిషి, అన్నం ఉడికే వాసనకే బేసిను పట్టుకుని కూర్చునేది. నోరంతా పుళ్ళు. ఏం తిన్నా ఇనప మేకు చప్పరిస్తున్నట్టుందనేది.

ఒకరోజు వెళ్ళేసరికి మంచం పక్క గోడకి మట్టి పూయించి, బియ్యప్పిండి ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఏటి సేత్తన్నావు సుక్కీ?"

"కడుపు ఒల్లనంటంది మేడమ్మా. మరేటి సేత్తాం, బియ్యం గోడకి పెడతన్నాను."

రైలు వేస్తోంది. ఒక్కో కీమోకి ఒక్కో పెట్టె. కిటికీల్లో మనుషులు, ఒకరి ఒళ్ళో బేసిను, ఒకరికి గుండు, పక్కన మళ్ళీ నేనే. ఈసారి బకెట్టు లేదు.

మూడోసారికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. పుల్ల జారిపోతుంటే పాత చీర అంచు చింపి చేతికి కట్టించుకుంది. నాలుగో పెట్టె వంకరపోయింది. అలవాటు చొప్పున ఆ మాట అనేశాను.

"పట్టాలు తప్పిందిలే. గార్డుని లేపు బేగి" అంది.

ఇంజిను ఏదని అడిగితే, ఒంట్లో ఇంకేం లేదని డాక్టరు చెప్పిన రోజు వేస్తానంది. "దాని మూతి ఇంటివేపే ఉండాల."

ఆరు పెట్టెలూ అయ్యాయి. డాక్టరు నోట ఆ మాట మాత్రం రాలేదు.

ఇప్పుడు నా కోపం సంగతి.

బొమ్మలేసే ఓపికుంటే ఇంక జబ్బేముంది అన్న మహానుభావులారా, మీరు వచ్చింది మంచి రోజున. అంతకుముందు పది రోజులు ఆవిడ తలెత్తలేదు. బేసిను కడిగే రోజుల్లో మీరెవరూ రాలేదు.

నిన్నటి నుంచి ఇక్కడ "పోరాడి ఓడిపోయింది" అని రాస్తున్నవాళ్ళకి. ఆవిడ ఎవరితోనూ పోటీకి దిగలేదు. ఓడిపోలేదు. మందులు మింగింది, కక్కింది, తిట్టింది, బొమ్మ వేసింది. దానికి వేరే పేరు వెతుక్కోండి. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది అని కూడా రాయకండి. నన్ను తిట్టిన తిట్లు మీరు వినలేదు.

ఆఖరిది, అసలుది.

సుక్కమ్మ తమ్ముడి కొడుకు పార్వతీపురంలో ఉద్యోగం చేస్తాడు. నా దగ్గరే చదువుకున్నాడు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, పలకరించడానికి ఆఫీసువాళ్ళు వస్తారు, ఆ జబ్బు బొమ్మ బాగోదు, ఆదివారం గోడకి సున్నం కొట్టించి అత్త ఫొటో పెద్దది పెట్టిస్తాను మేడం అన్నాడు.

ఆఫీసువాళ్ళ కోసం సున్నం. ఆ పాఠం వాడికి నేర్పింది నేనే. ఆ ఏడు వాడు ఆరో తరగతి, బకెట్లు మోశాడు.

నాయనా, ఈ పోస్ట్ నీకోసమే. ఫోన్‌లో అననిది ఇక్కడ అంటున్నాను. నేను రేపు మొదటి బస్సుకే వస్తున్నాను. ఆ గోడ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, ఒకసారి కూర్చుంటే నలుగురు పట్టుకుంటే గానీ లేవను. ఇన్నాళ్ళకి ఆ నొప్పులు ఒక పనికొస్తున్నాయి. సున్నం కొట్టాలంటే ముందు నామీద కొట్టు.

పూర్తి చేస్తామని కూడా ఎవరూ రావద్దు. ఇంజిను చోటు ఖాళీగానే ఉంటుంది. అది ఆవిడ వేయాల్సింది.

వెళ్ళిరా సుక్కీ. అన్నం అన్నంలాగే రుచించే చోట, కడుపు చల్లగా ఉండు. ఎప్పుడైనా వచ్చి కూర్చోవాలనిపిస్తే, నీ గోడ అక్కడే ఉంటుంది.