అవ్వ ముందు నొప్పి లేనట్టు

జ్ఞానదంతం పీకించుకుంటే ఉన్న జ్ఞానం కూడా పోతుందని మా ఆఫీసులో వాళ్లు ఆటపట్టించారు. నాకు ఉన్నదెంతో నాకు తెలుసు కాబట్టి దిగులు పడలేదు. నా దిగులంతా మా అవ్వ గురించి.

అవ్వంటే మా అమ్మ. బయ్యారం దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె పై దవడ పన్ను ఒకటి ఏడాదిగా పుచ్చి ఉంది. నెలకోసారి చెంప వాచేది. లవంగం నొక్కిపెట్టుకుని, అన్నం మెత్తగా పిసికి ఒక పక్కనే నమిలేది. పీకించుకోమంటే ఒకటే మాట, పై పన్ను పీకితే కండ్లు పోతాయని. వాళ్ల వాడకట్టులో ఒకామెకు పన్ను తీయించిన ఏడాదే చూపు మందగించింది. అది శుక్లమని, పంటితో దానికి సంబంధం లేదని నేనెంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నాకు కింది దవడలో పన్ను అడ్డంగా మొలిచిందని తెలియగానే, “ముందుగాల నువ్వు పీకించుకో, చూస్త” అని సంచి సర్దుకుని మహబూబాబాద్‌లోని మా ఇంటికి వచ్చేసింది. అంటే నేను ఎంత హాయిగా కోలుకుంటే ఆమె పన్ను అంత త్వరగా ఊడుతుందన్నమాట.

డాక్టరు పన్ను తీసి కుట్లు వేసి జాగ్రత్తలు చెప్పాడు. ఉమ్మొద్దు, గట్టిగా పుక్కిలించొద్దు, మెత్తనివే తినాలి, చెంపకు ఐసు పెట్టాలి, మాత్రలు వేళ తప్పొద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తమే దానికి మూత, అది ఊడకుండా చూసుకోమన్నాడు. అన్నిటికీ తలూపాను. మత్తు దిగేసరికి దవడ బండరాయిలా బిగుసుకుంది. కాసేపు పడుకుందామంటే అవ్వ ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది. నొస్తుందా అని అడిగితే లేదన్నాను. వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తలుపు చాటున ఐసు పెట్టుకున్నాను. మాత్రలూ దొంగతనంగానే మింగాను.

రెండో రోజుకు నా తెలివి ఇంకా ముదిరింది. అవ్వ తనకు జొన్నరొట్టె చేసుకుని నాకు జావ కాచింది. జావ తాగితే రోగినని ఒప్పుకున్నట్టే కదా. తన పళ్లెంలోంచి రొట్టె తుంచుకుని, పచ్చిమిరప తొక్కు అద్దుకుని ఆమె కళ్ల ముందే తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే కారం మీదికి తోశాను. తర్వాత పెరట్లో నల్లా దగ్గర, ఇరుక్కున్న పిండి పోయేదాకా గడగడా పుక్కిలించి ఉమ్మేశాను.

మూడో రోజు నొప్పి చెవిలోకి పాకింది. మాత్ర వేసుకుంటే గంట కూడా ఆగడం లేదు. నోరు కంపు కొడుతోంది. నొప్పిని ఓర్చుకోవడానికంటే నవ్వుతూ తిరగడానికే ఎక్కువ ఓపిక ఖర్చయింది. అవ్వ మీద విసుగొచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

నాలుగో రోజు పొద్దున కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. అవ్వ గిన్నె దించి పక్కన పెట్టి, చెప్పులేసుకుంది. ఆటోలో డాక్టరు దగ్గరికి పోయాం. రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని, అందుకే ఇంత నొప్పని చెప్పి, ఆయన గుంత కడిగి మందు పెట్టాడు. ఏం తిన్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ జొన్నరొట్టె అని చెప్పేసింది.

బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాం. ఇక ఈమె జన్మలో ఈ గడప తొక్కదు, నాలుగు రోజుల నా కష్టం గంగలో కలిసింది అనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకునే ఓపిక కూడా లేదు.

“అవ్వా, మస్తు నొస్తుంది,” అన్నాను.

ఆమె కొంగుతో నా మొహం తుడిచింది.

“నాకు గూడ ఏడాది సంది గిట్లనే నొస్తుంది బిడ్డా. నీకేం గాలేదంటివి. గింత దానికి నేనే ఓర్సుకుంటలేనేమో అనుకున్న.”

తర్వాత ఆమె లేచి చీర సర్దుకుంది. కండ్ల భయం పోలేదని చెప్పింది. పన్ను పీకినంతసేపూ తన చెయ్యి వదలొద్దని చెప్పి, డాక్టరు గది తలుపు తోసింది.