గీత మీద పడిన బంతి

1999 జనవరి 28, గురువారం, మధ్యాహ్నం రెండుంబావుకి మా కోడలు మిరపకల్లంలో నా ఎదురుగా కూర్చుని, ఎండు మిరపకాయలు పేర్చి నాకు టెన్నిస్ లెక్క చెప్పడం మొదలుపెట్టింది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. నాకు లెక్క చెప్పే మనిషి అంతకుముందు ఆ ఇంట్లో లేదు.

దానికి కారణం ఉంది. గుంటూరులో ఒక క్లబ్బువాళ్ళు మార్చిలో ఆడవాళ్ళకు పోటీ పెడుతున్నారు. గెలిచినామెను పొద్దుటిపూట పిల్లలకు ఆట నేర్పే కోచ్‌గా తీసుకుంటామన్నారు. మా కోడలు పెళ్ళికి ముందు కాలేజీ తరఫున ఆడింది. మూడేళ్ళుగా ఆమె రాకెట్ మా అటక మీద ఉంది. ఆ పోటీకి వెళ్తానని మా అబ్బాయి ఎదుటే నన్ను అడిగింది.

"గెలిస్తే ఆ పనిలో చేరు. ఓడితే మాత్రం ఈ ఇంట్లో మళ్ళీ రాకెట్ మాట ఎత్తకూడదు" అన్నాను.

"సరేనండి అత్తయ్యా" అంది.

ఓడుతుందనే నా లెక్క. అయినా ఓడిందో గెలిచిందో ఒకరు చెబితే నమ్మే అలవాటు నాకు లేదు. నా కళ్ళతో చూడాలి. చూడాలంటే ఆ లెక్క తెలియాలి.

ఆమె నేల మీద ఒక కాయ పెట్టింది. "మొదటి పాయింటుకి పదిహేనండి." రెండో కాయ పెట్టింది. "రెండోదానికి ముప్ఫై."

"మూడోదానికి నలభై అయిదు" అన్నాను.

"నలభయ్యండి."

"అయిదెక్కడికి పోయింది?"

"ఏమోనండి. అందరూ నలభై అనే అంటారు."

"అందరూ కలిసి తప్పు చెబితే ఒప్పయిపోతుందా?"

ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

మిగతాది నోటుబుక్కులో రాసుకున్నాను. సున్నాని లవ్ అంటారు. నలభై తర్వాత ఇంకో పాయింటు వస్తే ఒక గేమ్. ఇద్దరూ నలభై దగ్గర ఆగితే డ్యూస్. అక్కడినుంచి వరసగా రెండు పాయింట్లు కొట్టాలి. మొదటిది కొట్టినామెకు అడ్వాంటేజ్. రెండోది పోగొట్టుకుంటే మళ్ళీ డ్యూస్. ఆరు గేములు గెలిస్తే ఒక సెట్టు, కానీ ఎదుటి మనిషి కంటే రెండు గేములు ముందుండాలి. రెండు సెట్లు గెలిచినామెది ఆట.

"ఈ డ్యూసులు ఎంతసేపు నడుస్తాయి?"

"ఎంతసేపైనా నడుస్తాయండి. తేలేదాకా."

కోర్టు గీతలు చూపించడానికి తాలు కాయలు, అంటే రంగుపోయి తెల్లబడిన కాయలు, వరసగా పేర్చింది. "బంతి గీతకి వెంట్రుకవాసి తగిలినా లోపలే అత్తయ్యా. గీత కూడా ఆటలోదే" అంది.

"చెడుగుడులో గీత తొక్కితే పోయినట్టేగా?"

"అది చెడుగుడండి" అంది. ఈ నియమం తేదీతో సహా రాసుకుని కింద గీత గీశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ముప్ఫై ఎనిమిది రోజులు ఆమె పొద్దువాలే వేళ కల్లం పక్కన గోడకి బంతి కొట్టింది. అంతకుముందు ఆమె రోజుకి రెండు గంపల కాయలకి తొడిమలు తీసేది. నేను నాలుగు గంపలు చేశాను. తొడిమలు తీసిన చేతులు మండుతాయి. మంటకి కొబ్బరినూనె రాస్తే రాకెట్ పిడి జారుతుంది. ఈ రెండూ తెలిసే గంపలు పెంచాను. ఆమె ఒక్కరోజు కూడా ఇదేమిటని అడగలేదు. తొడిమలు తీశాకే ఆడేది, అరచేతులకి గుడ్డ చుట్టుకుని.

మార్చి 7, ఆదివారం ఫైనల్. మా ఊరినుంచి బస్సులో ఇద్దరమే వెళ్ళాం. ఎర్రమట్టి కోర్టు, సున్నపు గీతలు. అవతల ఆడేది డిగ్రీ చదివే అమ్మాయి. గీత దగ్గర కూర్చుని బంతి లోపలో బయటో చెప్పాల్సిన మనిషి ఆరోజు రాలేదు. క్లబ్బు సెక్రటరీ గుంపులో నన్ను చూసి గుర్తుపట్టాడు. ఆయన పెద్దకొడుకు నా దగ్గర చదువుకున్నాడు.

"టీచరు గారూ, మీరు కూర్చోండి. మావాడికి లెక్కల్లో ముప్ఫై నాలుగొస్తే, పాసవడానికి ఒక్క మార్కు కలపమని కాళ్ళావేళ్ళా పడినా కలపలేదు మీరు. మీకంటే నికార్సైన మనిషి ఎక్కడ దొరుకుతుందండీ!"

"ఆడేది నా కోడలండి" అన్నాను.

డిగ్రీ అమ్మాయి అది విని, "అత్తగారా? అయితే ఇంక నేను బతికిపోయాను అక్కా!" అంది. అందరూ గొల్లుమన్నారు. మా కోడలు కూడా మర్యాదకి పెదవులు కదిపింది.

మొదటి సెట్టు మా కోడలు 6-1తో గెలిచింది. ఇరవై రెండు నిమిషాలు. కొడుకు ఎదుట నేను ఇచ్చిన మాట, పొద్దున్నే ఖాళీగా ఉండే వంటిల్లు, కల్లంలో రాశిగా మిగిలిపోయే కాయలు, అన్నీ కళ్ళ ముందు కనబడ్డాయి. అంతకంటే, ఊళ్ళో అందరిముందు ఆమె గెలిచిన మనిషి అవుతుందని తోచింది. రెండో సెట్టు ఆ అమ్మాయి 6-4తో గెలిచింది. మూడోదాంట్లో 6-5తో ఆ అమ్మాయే ముందుంది. పన్నెండో గేములో మూడుసార్లు డ్యూస్ అయింది. తర్వాత అడ్వాంటేజ్ ఆ అమ్మాయికి. ఇంకొక్క పాయింటు వస్తే ఆట ఆమెదే.

సాయంత్రం ఆరింటికి ఎనిమిది నిమిషాలు తక్కువ. మా కోడలు ఎడమ పక్కకి వంగి కొట్టిన బంతి నేను కూర్చున్న గీత మీదికి వచ్చింది. ఆ అమ్మాయి అందుకోలేకపోయింది. బంతి పడ్డచోట సున్నం లేచింది. ఆ సున్నం నా చీర అంచు మీద కూడా పడింది.

"అవుట్" అన్నాను.

మా కోడలు నా వైపు చూసింది. చూపు నా మొహం మీదినుంచి చీర అంచుకి దిగింది. రాకెట్ చంకలో పెట్టుకుని వెళ్ళి ఆ అమ్మాయికి చెయ్యి అందించింది.

సెక్రటరీ మైకు పట్టుకుని, సొంత కోడలి బంతినే అవుటన్న ఇలాంటి మనుషులు ఈ కాలంలో ఉన్నారా అని అడిగాడు. నాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో మా కోడలూ ఉంది.

తిరుగు బస్సులో సగం దారి వచ్చాక అడిగింది. "సున్నం లేచింది కదండీ?"

"నేను చూడలేదు."

"సరేనండి."

ఇంటికొచ్చి శాలువా మడతపెట్టి బీరువాలో సర్దింది. రాకెట్ తనే అటక ఎక్కించింది. నేను నోటుబుక్కులో వేసుకొచ్చిన పాయింట్లు కూడి చూశాను. ఓడిన మా కోడలివి తొంభై రెండు. గెలిచిన అమ్మాయివి ఎనభై అయిదు. నమ్మలేక మూడుసార్లు కూడి చూసుకున్నాను. ఈ ఆటలో ఊడ్చిపారేసిన గేమూ ఒకటే, వెంట్రుకవాసిలో పోయిన గేమూ ఒకటే. కూడికతో పనిలేదు. నేను నిజం చెప్పి ఉంటే ఆమె గెలిచేదని అనను. డ్యూస్ అయ్యేది, అంతే. ఆ "అంతే" పట్టుకుని చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను.

2006 సెప్టెంబరులో మా ఆరేళ్ళ మనవరాలు టీవీలో టెన్నిస్ చూస్తోంది. బంతి ఎక్కడ పడిందో బొమ్మ గీసి చూపించడం అప్పుడే కొత్తగా వచ్చింది.

"అమ్మా, గీత మీద పడితే అవుటా?"

మా కోడలు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "నాయనమ్మనడుగు. నాయనమ్మ పుస్తకంలో రాసుంది, తేదీతో సహా."

"నాయనమ్మా, అవుటా?"

"కాదు. లోపలే" అన్నాను.

మా కోడలు తల ఎత్తలేదు. "ఏడేళ్ళు పట్టిందండి అత్తయ్యా" అంది.

ఏడేళ్ళ ఆరు నెలలు. నేను సరిదిద్దలేదు.

పోయినవి: పాయింటు ఒకటి. డ్యూస్ ఒకటి, ఆ తర్వాత ఎన్ని ఉండేవో ఎవరికీ తెలియని పాయింట్లు. పొద్దుటిపూట పని. రాకెట్ ఒకటి, తీగలు ఎలుకలు కొరికేస్తే 2003లో పారేశాం. నా దగ్గర ఆమె పకపకా నవ్వడం; ఆఖరుసారి 1999 జనవరి 28, నలభై అయిదు దగ్గర.