సొట్ట లడ్డూ

పాకం మామ అసలు పేరు గుడి వంటశాలలో ఎవరికీ గుర్తులేదు. ఎవరైనా కొత్తవాళ్ళు ఆ పేరుతో పిలిస్తే ఆయనే అటూ ఇటూ చూసేవాడు, ఎవర్నబ్బా అని. యాత్రికులకిచ్చే లడ్డూలకి పాకం పట్టడం ఆయన పని. గరిటె ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగదీసి చూసి చెయ్యి ఊపితే కళాయి దించేవారు. రుచి చూడటమన్న మాటే లేదు. దేవుడికి పెట్టకముందు ఎవరి నాలుకకీ తగలకూడదని అక్కడ అందరూ నోటికి గుడ్డ కట్టుకునే పనిచేయాలి. మాటకారులకి అంతకంటే పెద్ద శిక్ష లేదు. మామ భార్యకి మరీను.

ఆవిడ లడ్డూలు చుట్టే బల్ల దగ్గర ఉండేది. పాకంలో పడిన బూందీని వేడివేడిగా చుట్టాలి, చల్లారితే ముద్ద కట్టదు. పక్కవాళ్ళు చేతులు ఊదుకుంటూ ఒకటి చుట్టేలోపు ఆవిడవి రెండయ్యేవి. అంతా బాగానే ఉంది గానీ, ఆవిడ లడ్డూ ఏనాడూ గుండ్రంగా రాలేదు. చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిన కుడి బొటనవేలు వంకరగా అతుక్కుంది. ఆ వేలు పడ్డచోట ప్రతి లడ్డూకీ ఒక సొట్ట.

ఇంటికొచ్చి మూతిగుడ్డలు విప్పగానే మొదలయ్యేది, పొద్దుటినుంచీ ఇద్దరూ నోట్లో దాచుకున్నదంతా.

"ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్క లడ్డూ గుండ్రంగా చుట్టలేవా?"

"మీ బుర్రకంటే గుండ్రంగానే ఉన్నాయి లెండి."

"నా పాకం పరువు తీస్తున్నావే!"

"ఉంటే కదా తియ్యడానికి."

ఇదీ వాళ్ళ కాపురం. దీన్ని పోట్లాట అనుకునేవాళ్ళకి కాపురం సంగతి తెలియదనే చెప్పాలి. అలా దెప్పుకోకుండా పడుకున్న రోజున ఇద్దరికీ నిద్ర పట్టేది కాదు.

ఒకనాడు బల్ల దగ్గరే ఆవిడకి కళ్ళు తిరిగాయి. చేతిలో ఉన్న లడ్డూ చుట్టి పళ్ళెంలో పెట్టాకే కూలబడిందట. ఆసుపత్రినుంచి ఇంటికి రాలేదు. మామ ఏడవలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందాయా లేదా అని చూస్తూ తిరిగాడు. మైల తీరి మళ్ళీ వంటశాలలో అడుగుపెట్టాక తట్టింది, ఆవిడ చుట్టిన ఆఖరి లడ్డూలు ఎవరెవరి నోళ్ళలోనో కరిగిపోయాయని. బతికినన్నాళ్ళూ కుప్పలు కుప్పలుగా చుట్టింది, ఇంట్లో ఒక్కటి లేదు. పనివాళ్ళు లోపలినుంచి లడ్డూ తేకూడదు. కావాలంటే అందరిలాగే వరసలో నిలబడి తీసుకోవాలి. మొగుడూ పెళ్ళాలకి అంత తీరిక ఎప్పుడు దొరికింది గనక?

ఆ రోజునుంచి మామ పొయ్యికి అవతలి పక్కకి మారి, బల్లకి వీపు పెట్టి పాకం పట్టాడు. మోకాళ్ళు మొరాయించి పని మానేసేదాకా ఒక్కసారి కూడా అటు తిరగలేదు. తిరిగితే ఆ చోట ఇంకొకరు కనిపిస్తారని భయం. ఆ ఇంకొకరు సొంత కోడలే. అత్తగారు బతికుండగానే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది. అయినా సరే, చూడలేకపోయాడు.

ఒకరోజు సాయంత్రం కోడలు అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"మామయ్యా, రేపట్నుంచి అన్నీ అచ్చులతోనే అట. ఇవాళ కొన్ని చేసి చూశారు కూడా. జనం పెరిగిపోయారు కదా, చేతులతో అందుకోలేకపోతున్నాం."

"మంచిదేగా అమ్మా, చేతులు కాలవు. గుండ్రంగానూ వస్తాయి."

"అదే నా బెంగ. అత్తయ్య సొట్ట పోతుంది."

మామ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఏం సొట్ట?"

"అదేంటి, మీకు తెలీదా? బొటనవేలు ఇలా పక్కకి వంచి నొక్కాలి. లేకపోతే లడ్డూ నిలవదు, విడిపోతుందని అత్తయ్యే మా అందరికీ నేర్పింది. కొత్తలో ఆ వంపు రాక నా వేలు వాచిపోయింది. సరిగ్గా పడకపోతే విప్పించి మళ్ళీ చుట్టించేది."

మామకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. వేలు వంకరని ఒప్పుకోలేక దాన్నొక విద్య చేసి కూర్చుంది మహాతల్లి! నిక్షేపంలాంటి వేళ్ళున్న ఆడవాళ్ళంతా ఆవిడ పంతం కోసం ఇన్నేళ్ళూ వేళ్ళు వంచుకున్నారు. నవ్వి నవ్వి పొలమారింది. కోడలు కంగారుగా నెత్తిమీద తట్టి నీళ్ళందించింది. గ్లాసు కింద పెట్టాక చూస్తే ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఇవాళ చుట్టినవి రేపు పొద్దున పంచుతారుగా?" అన్నాడు చివరికి.

"ఆఁ, చేత్తో చుట్టినవాటిల్లో అవే ఆఖరు. అచ్చులవీ వాటిల్లోనే కలిసుంటాయి. ఎందుకు మామయ్యా?"

"వరసలో నిలబడతాను."

"మీ షుగరో, మీ మోకాళ్ళో?"

"వాటినీ వెంటబెట్టుకునే వెళ్తాను."

మర్నాడు పొద్దున్నే మామ గుడి ముందు వాకిట్లోంచి వెళ్ళాడు. ఎప్పుడూ పెరటి గుమ్మంలోంచి దూరినవాడికి వరస ఎక్కడ మొదలవుతుందో కూడా ఎవరో చూపించాల్సి వచ్చింది. ముందు నిలబడ్డ పెద్దావిడ మాటలు కలిపింది.

"సొట్ట ఉన్నదొస్తే మన అదృష్టమేనండీ. దేవుడే బొటనవేలితో నొక్కి పంపిస్తాడట. మా ఇంట్లో ఆ సొట్టకి దణ్ణం పెట్టాకే విరుస్తాం."

మామ మూతికి గుడ్డ కట్టుకున్నట్టే ఊరుకున్నాడు.

కిటికీ దగ్గర ఆవిడకి సొట్టదే వచ్చింది. మామ చేతిలో నున్నగా, బంతిలాంటి లడ్డూ పడింది. అంత చక్కటి లడ్డూ ఆయన జన్మలో చూడలేదు. చూసి ప్రాణం ఉసూరుమంది. మార్చమని అడిగితే లోపలి మనిషి, "ఏదైనా ప్రసాదమే తాతా, జరగండి," అన్నాడు. ఆ మాటా నిజమే.

బయటికొచ్చాక మామ పెద్దావిడ వెనకాలే కుంటుకుంటూ వెళ్ళాడు.

"అమ్మా, నాది తీసుకుని మీది నాకిస్తారా?"

"అయ్యో, సొట్టది ఎలా ఇస్తానండీ? దేవుడి వేలాయె."

దేవుడితో పేచీ పెట్టుకోవడం మామకీ ఇష్టం లేదు. వేరే దారి లేకపోయింది.

"దేవుడిది కాదమ్మా. మా ఆవిడది. చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయింది. అదేదో గొప్ప పనితనమని అందరికీ నేర్పేసి పోయింది. ఇవాళ్టితో ఆఖరు, ఇంక రాదు."

పెద్దావిడ లడ్డూవైపు చూసింది, మామవైపు చూసింది.

"అయితే ఇన్నేళ్ళూ మేం దణ్ణం పెట్టింది మీ ఆవిడకా?"

"ఈ సంగతి తెలిసుంటే నన్ను ఇంట్లో బతకనిచ్చేది కాదు."

ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత లడ్డూని కళ్ళకద్దుకుని, అలవాటు ప్రకారం సొట్టకి దణ్ణం పెట్టి, ఆయన చేతిలో ఉంచింది.

"తీసుకోండి. పెట్టిన దణ్ణాలు మాత్రం వెనక్కి తీసుకోనండోయ్."

మామ మెట్టుమీద కూర్చున్నాడు. సొట్టలో తన బొటనవేలు పెట్టి చూశాడు, కుదరలేదు. కోడలు చూపించినట్టు పక్కకి వంచాడు. కుదిరింది. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, ఓ చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. పాకం ఒక పిసరు ముదిరిందనిపించింది. సొట్టకి మాత్రం ఏ వంకా పెట్టలేదు.