జీవరత్నం అయ్యవారి కొత్త తీగలు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బజారులో దుకాణం పెట్టుకున్న మస్తాన్ సాయిబు వచ్చి, చెప్పులు విడిచి బడి గడపలో నిలబడ్డాడు. అతను ఎన్నడూ బడికి వచ్చిన మనిషి కాదు. "మీ అయ్యవారు పోయినాడప్పా. అన్నం ముందర కూర్చున్నోడు కూర్చున్నట్టే ఒరిగినాడంట," అన్నాడు. ఆత్మకూరు క్రైస్తవ సంఘంలో ముప్పై ఏళ్లు పాటకు శ్రుతి ఇచ్చిన జీవరత్నం అయ్యవారు ఇక లేరని నాకు తెలిసింది ఇలాగే. పిల్లలు ఎక్కం ఆపకుండా చెబుతూనే ఉన్నారు.

ఆ తర్వాత నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఆయనకు నేను చెప్పిన ఒక అబద్ధం ఇక ఎప్పటికీ బయటపడదు కదా అనుకున్నాను. ఆ ఊరట ఎంతసేపు నిలిచిందో చెప్పలేను గానీ కలిగిన మాట నిజం. ఆయన బడి మానేదాకా ఇరవై రెండేళ్లు ఆయనతో కలిసి పనిచేశానని, సంఘం పత్రికకు ఈ నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు నన్నే అడిగారు. అడగవలసిన మనిషిని కాదు నేను.

అయ్యవారిది తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. తండ్రి కూలి. మిషను బడిలో చదివి, ఉపాధ్యాయుడై ఆత్మకూరు వచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడ ఉన్న దొరసాని దగ్గర ఒక గిటారు ఉండేది. మనవాళ్లు దాన్ని దొరసాని వీణ అనేవాళ్లు. ఆమె దగ్గర వాయించడం నేర్చుకోవాలని నలుగురైదుగురు పోయారట. "ఎట్ల వాయించల్ల?" అని అందరూ అడిగితే, "దీన్ని ఎట్ల సాకల్లమ్మా?" అని అడిగినవాడు జీవరత్నం ఒక్కడే. ఆమె తన దేశానికి పోతూ గిటారును ఆయన చేతికే ఇచ్చి పోయింది.

సాకడమంటే ముఖ్యంగా తీగలు మార్చడం. ఆరు తీగలు, రెండు సన్నవి, నాలుగు రాగి చుట్టినవి. మూడు నెలలకొకసారి ఆరింటినీ మార్చాలి, తెగినా తెగకపోయినా సరే. ఈస్టరుకు ముందు ఒకసారి, వానలు పట్టినాక ఒకసారి, కోతల పండుగకు ఒకసారి, క్రిస్మసుకు ఒకసారి. ఈ లెక్క ఆయన పాతికేళ్లకు పైగా తప్పలేదు. ఇంకా పనిచేసే తీగను ఎందుకు తీసేయడమని ఒకసారి అడిగాను. "తీగ తెగేది కడాకప్పా. గొంతు ముందే పోతాది. చచ్చినోణ్ణి కూర్చోబెట్టి పాడమంటే పాడతాడా?" అన్నారు. తెగిన ఒక్కటీ మారిస్తే చాలదా అంటే, "ఆరుగురు అన్నదమ్ముల్లో ఒకడికే కొత్త చొక్కా కుట్టిస్తే ఇంట్లో కొట్లాటే," అన్నారు. వాయించడం అయ్యాక ఒక్కొక్క తీగనూ పాత పంచె గుడ్డతో తుడిచేవారు. మన ఎండలకు పట్టే చెమటలోని ఉప్పు ఇనుమును తినేస్తుందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

నల్లమల అంచు పల్లెలకు పాటలు నేర్పడానికి ఆయన గిటారు భుజాన వేసుకుని నడిచి పోయేవారు. ఇప్పుడు ఆ పల్లెల్లో ఆదివారం వినబడే పాటలన్నీ ఆయన కాళ్లతో నడిచి పోయినవే. పోయిన ప్రతి ఏడూ అడవి జ్వరం తెచ్చుకునేవారు. క్వినైను మాత్రలు మింగేవారు, అవి మింగితే చెవుల్లో జోరీగలు తిరుగుతున్నాయనేవారు, జ్వరం దిగగానే మళ్లీ బయలుదేరేవారు.

పోయినవాళ్లను గురించి మంచే రాయాలంటారు. కానీ ఆయన నోరు మంచిది కాదు. శ్రుతి తప్పినవాళ్లను పాట మధ్యలో ఆపి, పేరు పెట్టి నిలబెట్టేవారు. పాట ఎత్తుగా ఎత్తుకున్న ఒక ముసలమ్మను "ఏమ్మా, కోడిని పట్టుకొచ్చినావా?" అని అందరిలో అడిగారు. ఆమె మళ్లీ గుడిలో నోరు తెరవలేదు. నేను హార్మోనియం వాయించేవాణ్ని. ఆయన శ్రుతి ఇచ్చిన తర్వాత నేను అందుకోవాలి, అదీ వరస. ఒక క్రిస్మసుకు నేను ముందుగా అందుకున్నాను. ఆయన చెయ్యి ఎత్తి పాట ఆపించి, "సుందరం, ఆ పెట్టెకు చెవులు ల్యావు సరే, నీకూ ల్యావా?" అన్నారు. గుడి నిండా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును కడుపులో దాచుకున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది నుంచి అయ్యవారు తీగలు నెలకొకసారి మార్చసాగారు. తర్వాత పదిహేను రోజులకు, ఆ పైన వారానికి. మస్తాన్ సాయిబు సరుకుకు పోయినప్పుడల్లా బళ్లారి నుంచో మద్రాసు నుంచో తీగలు తెచ్చి ఇచ్చేవాడు. ఒక రోజు దుకాణం ముందు అతను ఉండబట్టలేక, "ఏమయ్యవారూ, తీగలు వాయిస్తాండావా, చారులో ఏసుకొని తాగుతాండావా? పోయిన వారమే కదా ఇచ్చింది!" అన్నాడు.

"నువ్విచ్చినవి చచ్చిన తీగలు సాయిబూ. కట్టిన మూడు దినాలకే గొంతు పోతాండాది."

"నా తప్పు కాదప్పా. మంచి ఇనుమంతా తుపాకులకు పోతాండాది. మిగిలిన తుక్కు మనకు."

అయ్యవారు ఆ మాట నమ్మారు. ఊరంతా నమ్మింది. ఆయన భార్య మార్తమ్మ మాత్రం, "మా ఇంట్లో తీగలకు వారానికొక పండగ. నా కోకకు ఏడాదికొక అతుకు," అని నీళ్ల దగ్గర ఆడవాళ్లతో అని నవ్వేదట.

నేను నమ్మలేదు. ఒక రోజు బడిలో ఒక పిల్లవాడు పలక మీద బలపాన్ని నిలువుగా పెట్టి కీచుమని గీశాడు. తరగతి అంతా పళ్లు జివ్వుమని చెవులు మూసుకుంది. పక్కనే కాపీలు దిద్దుతున్న అయ్యవారు తల ఎత్తలేదు. నేను వాణ్ని మళ్లీ గీయమన్నాను. ఆయన మళ్లీ తల ఎత్తలేదు. ఎదుటపడి మాట్లాడితే ఆయనకు మాట అందుతుంది. లావు తీగ మోగితే అందుతుంది. సన్నని ధ్వని అందడం లేదు. కొత్త తీగలోని తళుకు అంతా ఆ సన్నదనంలోనే ఉంటుంది. గొంతు పోయింది తీగలకు కాదని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

ఆ సాయంత్రమే ఆయనను పక్కకు పిలిచి చెప్పవలసింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవలసింది. కనీసం చెవులను చెరిచే ఆ క్వినైను మానమని అయినా చెప్పవలసింది. రెండేళ్లు చెప్పలేదు. ప్రతి శనివారం ఆయన మంచి తీగలను విప్పి పారేస్తూ, ఇంకా మంచివాటి కోసం ఎదురుచూస్తూ ఉంటే, నేను చూస్తూ ఊరుకున్నాను. జాలి కలిగిందా అంటే కలిగింది. దానికన్నా సంతోషం ఎక్కువ కలిగింది.

మూడేళ్ల కిందటి ఈస్టరుకు సాయిబు దగ్గర తీగలు దొరకలేదు. నేను సంఘం పని మీద కర్నూలు పోతున్నానని తెలిసి అయ్యవారు మా ఇంటికి వచ్చారు. "యాడైనా సరే వెతికి తీసుకరా అప్పా. పండగనాడు చచ్చిన తీగలతో ఎట్ల నిలబడేది?" అన్నారు. తెస్తానన్నాను. కర్నూలులో ఏ దుకాణమూ వెతకలేదు. ఆయన అంతకు వారం ముందు విప్పేసిన తీగలు మా ఇంట్లోనే ఉన్నాయి. సొరపాదు పందిరికి కట్టుకోమని ఆయనే ఇచ్చారు. వాటిని బూడిదతో తోమి, గుండ్రంగా చుట్టి, కొత్త కాగితంలో పెట్టి శనివారం ఆయన చేతికి ఇచ్చాను. నా ఎదుటే కట్టుకుని మీటారు. వినాలన్న ఆశే ఆయన చెవిలో మోగి ఉండాలి. "ఆఁ! ఇదీ తీగంటే! నీ చెయ్యి మంచిది సుందరం," అన్నారు.

ఈస్టరు ఆరాధనలో దేవుని మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ ఆయన లేచి, "ఇట్లాంటి తీగలు పదేండ్లలో చూడల్యా. మన సుందరం మాస్టరు కర్నూలంతా తిరిగి తెచ్చినాడు. దేవుడు ఆయన్ని దీవించల్ల," అని నాకు చేతులు జోడించారు. అక్కడైనా నేను ఆగి ఉండవచ్చు. ఆయన జనం వైపు తిరిగాక, వెనక హార్మోనియం దగ్గర నిలబడి, అందరికీ వినబడేట్టు అన్నాను: "అయ్యవారూ, అవి కొత్తవి కావు. మా సొరపాదుకు కట్టుకోమని పోయిన వారం మీరిచ్చినవే."

ముందు ఒకడు నవ్వాడు. తర్వాత గుడంతా నవ్వింది. ఆయన చేత నిలబెట్టించుకున్నవాళ్లందరూ ఆ రోజు నవ్వారు. నా మాట ఆయనకు అందలేదు. సంఘం సంతోషిస్తోందనుకుని ఆయన కూడా నవ్వారు. నా వైపు తిరిగి మళ్లీ చేతులు జోడించారు. దాంతో నవ్వు రెట్టింపైంది. వెనక బల్ల మీది పడుచువాళ్లు ఈల వేసి చూశారు. ఆయన తిరగలేదు. ఇంకొకడు ఇంకా సన్నగా వేశాడు. ఆయన నవ్వుతూనే ఉన్నారు. చివరకు ఒక పెద్దాయన ఎదుటికి పోయి, ఆయన ముఖంలో ముఖం పెట్టి సంగతి చెప్పాడు. ఆ నవ్వు ఆయన ముఖం మీద నుంచి వెంటనే పోలేదు. ఏం చెయ్యాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయింది.

మార్తమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "నవ్వండప్పా, నవ్వండి. మీ పల్లెలకు పాట నేర్పను పోయి, జ్వరాలు తెచ్చుకొని, చేదు మాత్రలు మింగి మింగి ఇట్లయినాడు. బాగా నవ్వండి," అంది. ఇద్దరూ బయటికి పోయారు. పాస్టరుగారు నా వైపు చూశారు. నేను హార్మోనియం తిత్తి నొక్కి పాట ఎత్తుకున్నాను.

ఒక సంగతి అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకు కూడా. ఆ తీగలు వారం రోజులు మాత్రమే వాయించినవి. చెవులున్న ఎవరైనా అవి మంచి తీగలనే చెబుతారు. అయ్యవారు చెప్పింది నిజం. ఒక నిజాన్ని పట్టుకుని ఆయనను నవ్వులపాలు చేశాను.

మర్నాడు పొద్దున ఆయన మా ఇంటికి వచ్చారు. అరుగు మీద నాకు ఎదురుగా, నా పెదవులు కనబడేట్టు కూర్చున్నారు. "సుందరం, ఒక మాట అడుగుతా. నా చెవుల సంగతి నీకు ముందే తెలుసునా?" అన్నారు.

"తెలీదయ్యవారూ," అన్నాను.

"అట్లయితే సరే. తెలిసీ చెప్పకుంటే పాపం. తెలీకుండా తమాషాకు చేసినావు, దానికేముండాది! నేనూ తక్కువోణ్ని కాదు, శానా మందిని ఏడిపించినా," అని నా మోకాలు తట్టి లేచారు. నేను చేసిన తప్పును కాక, చేశానని ఆయన అనుకున్న చిన్న తప్పును క్షమించి పోయారు. క్షమాపణను కూడా అబద్ధం చెప్పి సంపాదించిన మనిషిని నేను.

ఆ తర్వాత ఆయన గిటారు ముట్టలేదు. ప్రతి ఆదివారం వచ్చి వెనక బల్ల చివర కూర్చునేవారు. ఏ పాట పాడుతున్నామో పక్కవాళ్ల పుస్తకంలో చూసి, గొంతు విప్పకుండా పెదవులు కదిపేవారు. శ్రుతి తప్పితే అందరూ తన వైపు తిరుగుతారని భయం. నేను తప్పు శ్రుతిలో ఎత్తుకున్న రోజులు లేకపోలేదు. ఆపేవాళ్లు లేరు.

పోయిన ఎండాకాలం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద ఆయన పక్కన నడుస్తూ చెప్పేద్దామనుకున్నాను. అప్పటికి ఆయనకు మామూలు మాట కూడా అందడం లేదు. చుట్టూ జనం ఉన్నారు. చెవి దగ్గర వంగి, "నాకు ముందే తెలుసు అయ్యవారూ," అన్నాను. "ఏందప్పా? గట్టిగా చెప్పు, వినపడల్యా," అన్నారు. చెవిటి మనిషి దగ్గర తప్పు గుట్టుగా ఒప్పుకోలేం. ఒప్పుకుంటే ఊరంతా వినాలి. నలుగురు అప్పటికే మా వైపు చూస్తున్నారు. "ఎండ శానా ఉండాది అంటాండా!" అని అరిచాను. "అవునప్పా, శానా ఉండాది," అన్నారు, నా మాట అందినందుకు సంతోషపడుతూ.

పలక మీద రాసి చూపించవచ్చు గదా అని మీరు అడుగుతారు. ఆయన కళ్లు బాగానే ఉన్నాయి. బడి నిండా పలకలే. అక్షరాలు నేర్పడమే నా పని. రాయలేదు.

మన సంఘానికి పోయిందేమిటో నేను చెప్పనక్కరలేదు. హార్మోనియంలో వేలు పెడితే స్వరం వస్తుంది. అది చచ్చిందో బతికుందో అడిగే మనిషి ఇక లేడు. తీగ తెగకముందే దాని కోసం దిగులుపడే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు పుట్టడు. పుట్టినా, వాణ్ని బతకనిచ్చే తోటివాడు పక్కన ఉంటాడన్న నమ్మకం నాకు లేదు.

అయ్యవారూ, నాకు ముందే తెలుసు. ఆ ఈస్టరుకు రెండేళ్ల ముందు నుంచీ తెలుసు. గట్టిగా చెప్పమన్నారు. ఇప్పుడు అచ్చులో, సంఘమంతా చదివే చోట చెబుతున్నాను. మీకు తప్ప అందరికీ వినబడుతుంది.