రూతు వాళ్ళమ్మ

గుడివాడలో మా వీధి మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంది. బండి అతను పొద్దున్నే నూలు చీరలకి గంజి పెట్టి తీగ మీద ఆరేస్తాడు. మొన్న పాల ప్యాకెట్లు తీసుకుని వస్తుంటే ఆ వాసన తగిలింది. పల్చగా కాచిన గంజి, అందులో కాస్త నీలిమందు, తడి నూలుగుడ్డ. నేను అక్కడే నిలబడిపోయాను. బట్టలేమైనా ఉన్నాయా అని అతను అడిగితే లేవని చెప్పి ఇంటికి వచ్చేశాను గానీ, ఆ పూటంతా నా మనసు బందరులోనే ఉండిపోయింది, కరుణమ్మ గారి పెరట్లో.

బందరులో మేము కరుణమ్మ గారి ఇంట్లో మేడ మీద వాటాలో చాలా ఏళ్ళు అద్దెకున్నాం. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి ఎంతో కాలమైంది. ఊళ్ళో ఎంతమందికో ఎక్కాలు నేర్పిన మనిషే అయినా మా వీధిలో ఆవిడని టీచరు గారని పిలిచేవాళ్ళు తక్కువ. అందరూ "రూతు వాళ్ళమ్మ" అనేవారు. రూతు ఆవిడ ఒక్కగానొక్క కూతురు. మేము ఆ ఇంట్లో దిగేనాటికే ముప్ఫై అయిదు దాటిన మనిషి. మాట్లాడదు. పిలిస్తే ఒక్కోసారి చూస్తుంది, ఒక్కోసారి చూడదు. జుట్టు మగపిల్లల్లా దగ్గరగా కత్తిరించి ఉండేది. ఇంట్లో గంజి పని మాత్రం తనదే. వాళ్ళమ్మ చీరని గంజిలో ముంచి, పిండి, మళ్ళీ ముంచుతూ ఎంతసేపైనా కూర్చునేది. బందరు ఉప్పుగాలికి మధ్యాహ్నానికల్లా ఆ చీర మెత్తబడిపోయేది. రేపు మళ్ళీ పెట్టుకోవచ్చులే, మా రూతుకీ ఒక పని ఉంటుంది అనేవారు కరుణమ్మ గారు.

అప్పటికి మా శ్రావ్యకి మూడేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. వచ్చిన రెండు మూడు మాటలు కూడా ఎటో పోయాయి. విజయవాడలో పిల్లల డాక్టరు గారు చూసి ఆటిజం అన్నారు. పుట్టకముందే మెదడు ఎదిగే తీరులో వచ్చే తేడా అనీ, కొంత వంశంలోంచీ వస్తుందనీ, ఎవరో ఏదో చేయడం వల్ల వచ్చింది కాదనీ, మందులతో పోదు గానీ శిక్షణ ఇస్తే పిల్ల చాలా నేర్చుకుంటుందనీ నిదానంగా చెప్పారు. అక్కడ కూర్చున్నంతసేపూ అర్థమైనట్టే ఉంది. ఇంటికొచ్చాక ఎవరి కారణం వాళ్ళకుంది. మా అత్తగారిది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లె. నేను కడుపుతో ఉండి గ్రహణం నాడు కూరలు తరగడం వల్లే అని ఆవిడ నమ్మకం. మావారికి కరెంటాఫీసులో ఉద్యోగం. పిల్ల చేతికి ఫోనివ్వడం వల్ల అని ఆయన అనేవారు. పొద్దస్తమానం పిల్లతో మాట్లాడే మనిషి లేకపోవడం వల్ల అని మా అమ్మ. ఏడో నెలలో జ్వరానికి వేసుకున్న మాత్రల వల్లేమోనని నేను. కత్తిపీట ముందు కూర్చున్నదీ నేనే, అన్నం తినిపించడానికి ఫోనిచ్చిందీ నేనే, మాత్ర మింగిందీ నేనే. ఎటు తిరిగినా దారి నా దగ్గరికే వచ్చేది.

ఇల్లు మారిన కొత్తలో ఒకరోజు శ్రావ్య నా కన్నుగప్పి మెట్లు దిగిపోయింది. కంగారుగా వెళ్ళి చూద్దును కదా, రూతు పక్కన చతికిలబడి మోచేతుల దాకా గంజిలో పెట్టి కూర్చుంది. అంత కుదురుగా అది కూర్చోగా చూసి ఎన్నాళ్ళయిందో. లాగబోతుంటే కరుణమ్మ గారు, ఉండనివ్వమ్మా, కడిగితే పోతుంది అన్నారు. అందరూ అడిగే ప్రశ్నల్లో ఒక్కటీ ఆవిడ అడగలేదు. పిల్ల ఏం తింటుందని మాత్రం అడిగారు. పెరుగన్నం తప్ప ఏమీ ముట్టదన్నాను. మా రూతు ఆ వయసులో ఇడ్లీ తప్ప ముట్టేది కాదు అన్నారు. ఆ మాటతో మొదటిసారి రూతుని తేరిపార చూశాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత నా కూతురు కళ్ళముందు కనిపించింది. పైకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మర్నాడు మెట్ల దగ్గర ఎదురైనప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"మా రూతుని చూసి భయపడ్డావు కదూ? తప్పేం లేదమ్మా. దీని చిన్నప్పుడు ఇలాంటి పెద్దపిల్లని చూసి నేనూ భయపడ్డాను. చూడగా చూడగా భయం పోతుంది, మనిషి మిగులుతుంది."

ఆ ఏడు మా అత్తగారు వచ్చి మా దగ్గరే ఉన్నారు. మాట ఆలస్యమైన పిల్లలకి వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుకకి రాయడం మా వైపు పాత అలవాటు. ఆవిడ రోజూ రాసేవారు. పిల్ల ఉమ్మేసేది, ఒక్కోసారి వాంతి చేసుకునేది. ఆవిడకి మనవరాలంటే ప్రాణం. అందుకే మానేవారు కాదు. అంతలో ఏటికి అవతల ఎవరో ఉన్నారనీ, చెవుల వెనక వాతలు పెట్టి పసరు పోస్తే మాట వస్తుందనీ చుట్టాలెవరో చెప్పారు. ఆదివారం వెళ్దామనుకున్నారు. మావారు కూడా, చూస్తే పోయేదేముంది అన్నారు. నాకు వద్దని గట్టిగా అనే శక్తి లేదు. డాక్టరు గారు మందు లేదన్నారు, ఆ మనిషి ఉందంటున్నాడు. ఉందన్నవాడి వైపే మనసు లాగేది.

ఆదివారం మేము ఇంట్లో ఉండబోమని చెప్పడానికి కిందికి వెళ్ళాను. కరుణమ్మ గారు ఎక్కడికని అడిగి, విని, వాత ఎక్కడ పెడతాడట అన్నారు. చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో ఎన్నడూ మేడ ఎక్కని మనిషి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి మా అత్తగారి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. రూతుకి నాలుగేళ్ళప్పుడు తమ వాళ్ళూ అలాగే ఒకరి దగ్గరికి తీసుకెళ్ళారని మొదలుపెట్టారు. వాత పెట్టేటప్పుడు పిల్ల చేతులు తానే పట్టుకున్నారట. అప్పటికి దానికి అమ్మ, పాలు అనే రెండు మాటలుండేవట. ఆ తర్వాత అవీ లేవు. దానివల్లే పోయాయో, పోవలసినవే పోయాయో నాకు తెలియదండీ అన్నారు. ఆనాటి నుంచీ రూతు తల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వదు. దువ్వెన కనిపిస్తే మంచం కింద దూరేది. అందుకే నిద్రపోతున్నప్పుడు జుట్టు కత్తిరించేస్తారు. ఎవరినీ తప్పుపట్టకుండా, బడిలో లెక్క చెప్పినట్టు, ఒకటి తర్వాత ఒకటి చెప్పుకొచ్చారు.

మా అత్తగారు నెమ్మదిగా అడిగారు.

"పిల్లకి నొప్పి తెలిసిందంటారా, టీచరు గారూ?"

"తెలియకుండా ఎలా ఉంటుంది, అక్కయ్యగారూ. చెప్పడానికి మాటేగా లేనిది."

మా అత్తగారు శ్రావ్యని ఒళ్ళోకి లాక్కుని, దాని చెవుల వెనక బొటనవేళ్ళతో మెల్లగా నిమిరారు. సాయంత్రం మావారు ఆఫీసు నుంచి వచ్చాక ఆవిడే చెప్పారు, పిల్లని కాల్పించడానికి నేను రానురా అని. వసకొమ్ము కూడా ఆ తర్వాత మా ఇంట్లో కనిపించలేదు.

గుడివాడలో ఇలాంటి పిల్లలకి మాట, ఆట, పని నేర్పే చోటు ఒకటి ఉందని తెలిసి శ్రావ్యని ప్యాసింజరు రైల్లో తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ వరండాలో కూర్చునే తల్లిదండ్రుల కబుర్లన్నీ కారణాల గురించే. టీకా అని ఒకరు, మేనరికం అని ఒకరు, గోధుమలూ పాలూ మానేస్తే తగ్గుతుందని ఒకరు. ఒకరోజు ఆ కబుర్లు మోసుకొచ్చి కరుణమ్మ గారి ముందు పెట్టి, మీకు ఏమనిపిస్తుందండీ అని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ చెప్పారు. రూతు చిన్నప్పుడు పట్నంలో ఒక పెద్ద డాక్టరు, నువ్వు బడిలో ఊళ్ళో పిల్లల్ని చూసుకుంటూ సొంత పిల్లని ఒళ్ళోకి తీసుకోలేదు, ప్రేమ చాలకే ఇలా అయింది అన్నాడట. ఆవిడ సెలవు పెట్టి ఏడాదిపాటు పిల్లని ఒళ్ళోంచి దించలేదు. రూతుకేమో అసలు ఒళ్ళే గిట్టదు. "అది దిగిపోతానని ఏడుస్తుంది, నేను దించనని ఏడుస్తాను. ఆ ఏడాది మా ఇద్దరికీ దండగ" అని ఆవిడ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అన్నాళ్ళూ రూతుకున్నదేమిటో ఆవిడకి ఎవరూ పేరు పెట్టి చెప్పలేదు. మందబుద్ధి అన్నారు, గాలి సోకిందన్నారు, దేవుని పరీక్ష అన్నారు. ఒకసారి ఆ గుడివాడ చోటుకి పెద్ద డాక్టరు వస్తున్నారని తెలిసి నేను పట్టుబట్టి తల్లీకూతుళ్ళిద్దర్నీ తీసుకెళ్ళాను. ఆయన రూతుని చాలాసేపు చూసి, ఆవిడని చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, మీ అమ్మాయిది ఆటిజమే అండీ అన్నారు. తిరుగు రైలెక్కాం. పెడన దగ్గర కలంకారీ గుడ్డలు ఆరేసిన పొలాలు వెనక్కి పోతున్నాయి. రూతు కిటికీ ఊచలు పట్టుకుని ఊగుతోంది. బందరు రాబోతుండగా కరుణమ్మ గారు నావైపు తిరిగారు.

"దీనికి పేరుందన్నమాట" అన్నారు. మళ్ళీ తానే, "పేరుందంటే ఇలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కదమ్మా" అన్నారు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతకుముందెప్పుడూ ఆవిడ ఏడ్వగా నేను చూడలేదు.

శ్రావ్యకి అక్కడ బొమ్మల కార్డులతో అడగడం నేర్పేవారు. మంచినీళ్ళు కావాలంటే గ్లాసు బొమ్మ తీసి ఇవ్వాలి. కరుణమ్మ గారు అది చూసి రూతుకి కూడా అట్టముక్కల మీద బొమ్మలు గీశారు. ఇంత వయసొచ్చాక ఏం నేర్చుకుంటుందని వీధిలో అనుకున్నారు. నిజానికి నేనూ అలాగే అనుకున్నాను. నెలలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం ఆవిడ కింది నుంచి నన్ను పిలిచారు. పరుగున దిగాను. ఆవిడ చేతిలో టీ గ్లాసు బొమ్మ వేసిన అట్టముక్క ఉంది. రూతు తనంతట తాను తెచ్చి ఇచ్చిందట. "నన్ను టీ అడిగింది. మా అమ్మాయి నన్ను టీ అడిగిందమ్మా" అని వీధి గుమ్మంలో నిలబడి దారిన పోయే అందరికీ చెప్పారు. ఆ సాయంత్రం రూతు అడిగినప్పుడల్లా టీ పెట్టారు.

మావారికి బదిలీ అయి గుడివాడ వచ్చేశాం. శ్రావ్య ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. కొన్ని మాటలు వచ్చాయి, మిగతావి ట్యాబ్‌లో బొమ్మలు నొక్కి చెబుతుంది. కరుణమ్మ గారు నిరుడు పోయారు. చివరి రోజుల్లో ఆసుపత్రికి చూడడానికి వెళ్ళాను. చల్లపల్లిలో ఆవిడ చెల్లెలి కూతురు మేరీ ఉంది. రూతుని ఏడాది ముందు నుంచే అప్పుడప్పుడు అక్కడ ఉంచి అలవాటు చేశారు. అయినా ఆవిడకి ఒక బెంగ మిగిలింది. రూతు ఎందుకిలా పుట్టిందని పైకి వెళ్ళాక దేవుణ్ణి అడగాలని ఎన్నో ఏళ్ళు అనుకున్నానమ్మా, ఇప్పుడా పట్టింపు లేదు అన్నారు. మరి బెంగ దేనికండీ అన్నాను.

"దానికి పన్ను నొప్పి పుడితే వాళ్ళకెలా తెలుస్తుంది?"

నాకు తెలుసండీ అన్నాను. నొప్పి పుడితే రూతు చల్లటి గోడకి చెంప ఆనించి కదలకుండా కూర్చుంటుంది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం కదా. ఆవిడ నన్ను కాసేపు చూసి కళ్ళు మూసుకున్నారు.

ఈ వేసవిలో మేరీ ఫోన్ చేసింది. రూతు రెండు పూటలుగా అన్నం తినడం లేదనీ, వంటింటి గోడకి ఆనుకుని లేవడం లేదనీ చెప్పింది. వెంటనే బస్సెక్కి వెళ్ళాను. మేరీ, నేను కలిసి రూతుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పుచ్చిన పన్ను తీసేంతవరకూ రూతు నా మణికట్టు వదల్లేదు. ఆయన చీటీలో పేరు రాసుకుంటూ, మీకు ఈవిడ ఏమవుతారని నన్ను అడిగారు. నేను ఆలోచించుకోలేదు.

"మా అక్కండీ" అన్నాను.